మెళ్ళో వేసుకునే చిన్న కత్తి, దానికి తాటి దూలం పిడి

అందరికీ నమస్కారమండీ. ఇదిగో నా చేతిలో ఉన్నది చూడండి, బ్లేడు రెండున్నర అంగుళాలు, పిడి మూడున్నర, ఒరలో పెట్టి మెళ్ళో వేలాడేసుకుంటారు కాబట్టి దీన్ని నెక్ నైఫ్ అంటారు. మా బాబాయ్ కోసం చేశానండి. కడియం నర్సరీల్లో అంట్లు కడతాడాయన, వానాకాలం వచ్చిందంటే పొద్దున్న కూర్చుంటే మధ్యాహ్నం దాకా లేవడు, ఒక చేత్తో మామిడి మొక్క పట్టుకోవాలి, ఇంకో చేత్తో పాలిథిన్ టేపు చుట్టాలి, మరి కత్తి ఎక్కడ పెడతాడు చెప్పండి, పళ్ళ మధ్యన పెట్టుకునేవాడు. అది చూస్తే నాకు ఒళ్ళు జలదరించేది.

కత్తులు చేయడం ఎక్కడ మొదలెట్టాలి అని నన్ను ఎవరడిగినా ఒకటే చెప్తానండీ, ముందు కొలిమి జోలికి వెళ్ళకండి, పిడితో మొదలెట్టండి. ప్రతి ఇంట్లోనూ పిడి ఊడిపోయిన కూరగాయల కత్తి ఒకటి ఏ మూలో పడి ఉంటుంది, అది చాలు. బ్లేడు ఎంత మంచిదైనా పిడి కదిలిందంటే ఆ కత్తి ఇంక ఎవరూ ముట్టుకోరు.

బ్లేడు వెనకాల పిడిలోకి వెళ్ళే ఇనుముని టాంగ్ అంటారు. మన కమ్మరి చేసే కొడవలికైతే సన్నటి తోక ఉంటుంది, దాన్ని ఎర్రగా కాల్చి కర్రలోకి దిగ్గొడతారు, కర్ర చీలకుండా ముందు పక్క పొన్ను, అంటే ఇనప కట్టు వేస్తారు. నేను చేసింది ఫుల్ టాంగ్, అంటే ఇనుము పిడి చివరిదాకా ఉంటుంది, దానికి అటొక చెక్క ఇటొక చెక్క అతికించి ఇత్తడి పిన్నులు వేస్తాం. టాంగ్‌కి చిల్లులు లేకపోతే మాత్రం జాగ్రత్త, గట్టిపరిచిన స్టీలుకి మామూలు డ్రిల్ బిట్టు దిగదు, బిట్టే పోతుంది, అందుకని మొదటిసారికి చిల్లులున్న కత్తే తీసుకోండి.

బాబాయ్‌కి మొదట చేసిన పిడి చింత చేవతో చేశానండి, ముదురు ఊదా రంగులో ఎంత అందంగా వచ్చిందో. కానీ చెట్టు కొట్టి నెల కూడా కాలేదు. ఏప్రిల్ వచ్చేసరికి చెక్క ముడుచుకుపోయి ఇనుముకీ కర్రకీ మధ్య గోరు దూరేంత సందు పడింది, అందులోకి నీళ్ళు వెళ్ళి లోపలంతా తుప్పు. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు, కొవ్వొత్తి మైనం పెట్టి పూడ్చుకుని వాడుకుంటున్నాడు, అది చూశాక నాకు రాత్రి నిద్ర పట్టలేదు. మన డెల్టా గాలిలోనే తేమ కదండీ, పైకి ఆరినట్టు కనపడినా లోపల పచ్చిగానే ఉంటుంది. ఇప్పుడు నేనేం చేస్తానంటే ముక్కల్ని కోసి నీడలో పెట్టి వంటింటి త్రాసు మీద వారం వారం తూస్తాను, బరువు తగ్గడం ఆగితేనే వాడతాను.

రెండోసారి మా పక్క వీధిలో పాత పెంకుటిల్లు తీసేస్తుంటే తాటి దూలం ముక్క అడిగి తెచ్చుకున్నాను. దగ్గరగా చూడండి, లేత గోధుమ రంగులో నల్లటి గీతలు, అవి ఈనెలండీ, తాడి మామూలు చెట్టులా వలయాలు కట్టదు, బయటి పక్క రాయిలా ఉంటుంది, మధ్యలో మెత్తన, కాబట్టి బయటి నలుపే తీసుకోవాలి. కోసేటప్పుడు ఈనెలు లేచి గుచ్చుకుంటాయి, సన్న పళ్ళ రంపం వాడండి, మూతికి మాస్కు పెట్టండి, లేచిన చోట పల్చటి సూపర్ గ్లూ పోస్తే పీల్చుకుని గట్టిపడుతుంది.

అతికించే ముందు ఒక పని మర్చిపోకూడదు, చెక్కల ముందు కొసలు, అంటే బ్లేడు వైపు ఉండేవి, వాటిని ముందే నున్నగా చేసేయాలి, అతికించాక అక్కడ గరుకు కాగితం పెడితే బ్లేడంతా గీతలే. తర్వాత ఇనుము గరుకుచేసి థిన్నర్‌తో తుడిచి, అరాల్డైట్ జిగురు రెండు ట్యూబులూ సమానంగా కలిపి రాసి క్లాంపు వేయడమే, మరీ బిగించొద్దు, జిగురంతా బయటికొచ్చేస్తే పట్టుకోవడానికి లోపల ఏమీ మిగలదు. మర్నాటిదాకా కదపొద్దు. పదునుకి అట్టముక్క చుట్టి టేపు వేసి ఉంచండి, చెయ్యి తెగేది ఎప్పుడూ పిడి అరగదీసేటప్పుడే.

ఆకురాయితో సగం ఆకారం వచ్చాక బాబాయ్ దగ్గరికి పట్టుకెళ్ళాను, సబ్బు నీళ్ళలో చేతులు ముంచి పట్టుకోమన్నాను, బొటనవేలు ఎక్కడ ఆనిందో ఎక్కడ జారిందో పెన్సిల్‌తో గీసుకున్నాను, ఇదిగో ఈ పల్లం ఆయన వేలిదే. తర్వాత 80, 120, 220, 400 నంబరు గరుకు కాగితాలు వరసగా. నూనె అంటే మన కోనసీమలో చెయ్యి కొబ్బరినూనె మీదకే వెళ్తుంది కానీ అది ఆరి గట్టిపడే నూనె కాదు, అవిసె నూనె రాయండి, తుడిచిన గుడ్డ మాత్రం ఉండచుట్టి పడేయొద్దు, దానంతటదే అంటుకుంటుంది, ఆరుబయట పరిచి ఆరబెట్టండి.

ఒరకి పీవీసీ పైపు ముక్క చీల్చి హాట్ గన్‌తో వేడి చేసి, టేపు చుట్టిన కత్తి మీద పెట్టి రెండు చెక్కల మధ్య నొక్కాను. మాడనివ్వొద్దు, ఆ పొగ విషం. మెళ్ళో కత్తి పిడి కిందకి వేలాడుతుంది కదా, తలకిందులుగా పట్టుకుని గట్టిగా ఊపినా జారకూడదు, జారితే మళ్ళీ వేడిచేసి నొక్కండి. నైలాన్ తాడు అస్సలు వద్దండీ, మోటారు దగ్గర ఎక్కడైనా తగులుకుంటే మెడకి ఉరే, గట్టిగా లాగితే ఊడిపోయే పూసల గొలుసు వేయండి. మన ఆయుధాల నిబంధనల్లో 9 అంగుళాల కన్నా పొడుగు లేదా 2 అంగుళాల కన్నా వెడల్పు ఉన్న బ్లేడుల సంగతి ఉంది, ఇంటికీ పొలానికీ వాడే పనిముట్లకి మినహాయింపు ఇచ్చారు, మనది చాలా చిన్నది, అయినా సరే పని అయ్యాక తీసేయండి, మెళ్ళో వేసుకుని బస్సెక్కడం, గుడికెళ్ళడం వద్దు.

నల్లతుమ్మ ముక్కలు నాలుగు అటక మీద పెట్టాను, పోయిన ఆదివారం తూస్తే ఇంకో ఆరు గ్రాములు తగ్గాయి, కాబట్టి ఆ పిడి ఇప్పట్లో చూపించలేనండీ.