బొమ్మ కదలకపోతే బద్ధకం కాదు మావయ్యా!

[కెమెరా ముందు. వెనక గోడ నిండా అనిమే పోస్టర్లు.]

నమస్తే, విజయనగరం నుంచి మాట్లాడుతున్నాను. ఈ వీడియో కాస్త ఒళ్ళు మండి చేస్తున్నది. నేను అనిమే, అంటే జపాన్ వాళ్ళ యానిమేషన్ బొమ్మలు, చూస్తానని తెలియగానే మా మావయ్య దగ్గర్నుంచి కోచింగ్ సెంటర్ ఫ్రెండ్స్ దాకా అందరూ రెండే మాటలంటారు.

ఒకటి: "ఏట్రా, గెడ్డాలొచ్చినా ఇంకా బొమ్మలేట్రా?" దీనికి వాదన అనవసరం. ఇసావో తకహతా 1988లో తీసిన 'గ్రేవ్ ఆఫ్ ది ఫైర్‌ఫ్లైస్' పెట్టి పక్కన కూర్చుంటాను. యుద్ధంలో తిండిలేక మాడిపోయే అన్నాచెల్లెళ్ళ కథ అది. చూశాక ఆ మాట అనమనండి చూద్దాం.

రెండోది వింటే మాత్రం నాకు నిద్ర పట్టదు. "బొమ్మ కదలదు కదరా, నోరొక్కటే ఆడతాది. చవక సరుకు."

కదలదు. నిజమే. ఎందుకు కదలదో చూద్దాం.

[స్క్రీన్ మీద: 24 ÷ 3 = 8]

సినిమాకి సెకనుకి 24 ఫ్రేములని మీకు తెలుసు. అనిమేలో చాలా చోట్ల ఒకే బొమ్మని మూడు ఫ్రేములు నిలబెడతారు. అంటే సెకనుకి ఎనిమిది బొమ్మలే. 1963 జనవరి 1న 'ఆస్ట్రో బాయ్' అనే అనిమే సీరియల్ టీవీలోకి వచ్చినప్పుడు, దాన్ని తీసే ఒసాము తెజుకా గారు వారం వారం అరగంట ఎపిసోడ్ ఇవ్వాలి. డబ్బు తక్కువ, టైము అంతకన్నా తక్కువ. అందుకని మొహం అలాగే ఉంచి నోరు మాత్రం మార్చారు. గీసిన బొమ్మల్ని దాచుకుని మళ్ళీ మళ్ళీ వాడారు. పుట్టుక పొదుపులోనే, కాదనను. కానీ పొదుపు చేస్తే కళ కాకుండా పోతుందా?

హరికథ చూశారా ఎప్పుడైనా? మన ఊళ్ళో ఈ ప్రశ్న అడగడమే తప్పు. ఇక్కడి సంగీత కళాశాల 1919లో పెడితే మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు గారు, సాక్షాత్తూ హరికథా పితామహుడు. హరికథలో ఏముంటుంది? ఒక్క మనిషి, అదే కథ చెప్పే దాసుగారు, చేతిలో చిరతలు, కాళ్ళకి గజ్జెలు. సెట్టింగుల్లేవు, సైన్యం లేదు. ఆయన చెయ్యి ఇలా ఎత్తి ఆగుతాడు. [చెయ్యెత్తి ఆగాలి. తొందరపడొద్దు.] అంతే, మీకు సముద్రం ముందు హనుమంతుడు కనిపిస్తాడు. "దాసుగారు కదల్లేదు, చవక" అని ఎవరైనా అన్నారా?

అనిమే ఫైట్లో హీరో కత్తి మీద చెయ్యేసి బిగుసుకుపోతాడు చూడండి, గాలికి జుట్టు మాత్రం ఆడుతుంది. అదే ఆ ఎత్తిన చెయ్యి. మిగిలిన బొమ్మలన్నీ ఆ తర్వాత వచ్చే ఒక్క దెబ్బ కోసం దాచారు. ఆ దెబ్బ దగ్గర సెకనుకి ఎనిమిది లెక్క ఉండదు, ఒక్కో ఫ్రేముకీ కొత్త బొమ్మ గీసిన చోట్లున్నాయి. దాసుగారు కూడా అంతే కదా, వచనంలో నిమ్మళంగా నడిపించి, పాటందుకోగానే గజ్జె ఘల్లుమనిపిస్తాడు.

నమ్మకపోతే ఇప్పుడే చూడండి. యూట్యూబ్‌లో ఏదైనా అనిమే ట్రైలర్ పాజ్ చేసి, కీబోర్డు మీద ఫుల్‌స్టాప్ నొక్కండి. ఒక్కో ఫ్రేమూ జరుగుతుంది. నొక్కుతారు, మొహం మారదు. మళ్ళీ నొక్కుతారు, మారదు. మూడోసారికి రెప్ప సగం వాలుతుంది. వెనక మేఘం మాత్రం ప్రతి నొక్కుడికీ జరుగుతూనే ఉంటుంది. నాకు రాత్రిళ్ళు ఇదే పని. ఒకప్పుడు దుప్పటి కప్పుకుని, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని దొంగతనంగా చూసేవాణ్ణి. ఇప్పుడు హాల్లో టీవీకే పెట్టేస్తున్నాను. చిరంజీవి స్టెప్పుని రివైండ్ చేసి చూస్తే అభిమానం, నేను రెప్పపాటుని ఆపి చూస్తే పిచ్చా? సరే, పిచ్చే. పోస్టర్లు మాత్రం తియ్యను.

టైమైపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను.

ఫిల్లర్ ఎపిసోడ్లు: చాలా అనిమేలకి మూలం మాంగా, అంటే జపాన్ బొమ్మల కథల పుస్తకం. అది ఇంకా అచ్చవుతూ ఉంటుంది, టీవీ దాన్ని అందుకుంటుంది, అప్పుడు కథలో లేనిది అల్లుతారు. దాసుగారి పిట్టకథే ఇది. కాకపోతే ఆయన పిట్టకథ నవ్విస్తుంది, వీళ్ళది చాలాసార్లు విసిగిస్తుంది.

షోనెన్, సేనెన్: మాంగా పత్రికలు ఏ వయసువాళ్ళ కోసం వేస్తున్నాయో చెప్పే పేర్లు. షోనెన్ కుర్రాళ్ళకి, సేనెన్ పెద్ద మగవాళ్ళకి. అందులో ఎన్ని ఫైట్లున్నాయన్నది లెక్క కాదు.

డబ్బింగు: నోటికి మూసినది, సగం తెరిచినది, పూర్తిగా తెరిచినది, దాదాపు ఈ మూడు బొమ్మలతోనే నడిపిస్తారు. అందుకే మన తెలుగు డైలాగ్ కూడా అందులో ఇమిడిపోతుందని నా లెక్క. ఒరిజినల్ గొంతులే గొప్పని కొట్టుకునేవాళ్ళు కామెంట్లలో కొట్టుకోండి, నేను అడ్డు రాను.

ఏ ఎపిసోడ్లు ఫిల్లరో ఆ లిస్టు డిస్క్రిప్షన్లో పెట్టాను. 'నరుటో' లాంటి పొడుగాటి అనిమే సీరియల్ మొదలుపెట్టేవాళ్ళు ముందు అది చూసుకోండి, లేకపోతే మధ్యలో మానేస్తారు.