కొడుక్కి దాచని కబుర్లు: యుద్ధకాలంలో అబిగయిల్ ఆడమ్స్ ఉత్తరాలు

సభకు నమస్కారం.

యుద్ధకాలపు ఉత్తరాలు అనగానే సైనికుడు ఇంటికి రాసినవే మనకు ముందుగా గుర్తుకొస్తాయి. ఇంటినుంచి వెళ్లిన ఉత్తరాల గురించి మాట్లాడేవారు తక్కువ. దూరదేశంలో చిక్కుకుపోయిన కొడుక్కి, ఇంట్లో ఎవరు ఎలా ఉన్నారో, ఎవరు పోయారో, పిల్లలు ఎంత ఎదిగారో ఒక తల్లి రాసి పంపిన ఉత్తరాల గురించి ఈ సాయంత్రం మీతో మాట్లాడదలచుకున్నాను. ఆ తల్లి అబిగయిల్ ఆడమ్స్, అమెరికా రెండవ అధ్యక్షుడు జాన్ ఆడమ్స్ భార్య. ఆ కొడుకు జాన్ క్విన్సీ ఆడమ్స్, ఆ తర్వాత ఆరవ అధ్యక్షుడైనవాడు. అప్పటికి రష్యాలో తన దేశపు రాయబారి. చరిత్రకారులు ఈ ఉత్తరాలను ఎక్కువగా రాజకీయ సమాచారం కోసం వెతుకుతారు. వాటి ప్రాణం మాత్రం కుటుంబ వార్తల్లోనే ఉందని నేను గట్టిగా నమ్ముతున్నాను.

1809 ఆగస్టులో జాన్ క్విన్సీ సెయింట్ పీటర్స్‌బర్గ్‌కు ఓడ ఎక్కినప్పుడు భార్య లూయిసాను వెంట తీసుకెళ్లాడు, పిల్లల్లో మాత్రం రెండేళ్లు నిండవచ్చిన చిన్నకొడుకు చార్లెస్‌ను ఒక్కణ్ణే తీసుకెళ్లాడు. ఎనిమిదేళ్ల జార్జ్, ఆరేళ్ల జాన్ మసాచుసెట్స్‌లోని క్విన్సీ ఊళ్లో, అబిగయిల్ అక్క మేరీ క్రాంచ్ ఇంట్లో ఉండిపోయారు. ఆ నిర్ణయంలో లూయిసా మాట చెల్లలేదు. ఆ దుఃఖం ఆమెను జీవితాంతం వదలలేదు కూడా. కొడుకూ కోడలూ విదేశంలో ఉండగా మనవల చదువూ సంధ్యా చూసుకునే నానమ్మల బరువు ఎలాంటిదో మన తెలుగు ఇళ్లకు ఈనాడు వేరే చెప్పనక్కరలేదు. కొడుక్కి అక్కడి ఖర్చు భరించడం కష్టమవుతున్నదని గ్రహించి, అతణ్ణి వెనక్కి పిలిపించమని అబిగయిల్ 1810లో నేరుగా అధ్యక్షుడు మాడిసన్‌కే ఉత్తరం రాసింది. మాడిసన్ అందుకు ఒప్పుకున్నాడు కూడా. కానీ కొడుకు రాలేదు. 1811లో సుప్రీంకోర్టు న్యాయమూర్తి పదవి ఇచ్చినా వద్దని అక్కడే ఉండిపోయాడు.

1812 జూన్ 18న అమెరికా బ్రిటన్ మీద యుద్ధం ప్రకటించింది. వారం తిరగకుండానే, జూన్ 24న, నెపోలియన్ సేన రష్యా సరిహద్దు దాటింది. అంటే ఉత్తరం బయలుదేరే చోటా యుద్ధమే, చేరే చోటా యుద్ధమే, నడుమ సముద్రమంతా బ్రిటిష్ నౌకాదళానిది. ఇవి చాలవన్నట్టు చలికాలంలో బాల్టిక్ సముద్రం గడ్డకట్టి నెలల తరబడి ఓడలు ఆగిపోయేవి. అందుకని ఒకే ఉత్తరానికి నకళ్లు రాసి వేర్వేరు ఓడల్లో పంపేవారు. ఏది చేరితే అదే భాగ్యం. శత్రువు ఓడను పట్టుకుంటే సంచులు విప్పి చదువుతాడని తెలిసే రాయాలి. కూతురి జబ్బు గురించీ, మనవడి చదువు గురించీ పరాయి నావికాధికారి చదివే అవకాశం ఉందని తెలిసి కూడా ఆ తల్లి రాయడం మానలేదు.

ఆమె రాయవలసివచ్చిన వార్తలు ఎలాంటివో చూడండి. 1811 అక్టోబరు 8న, ఆమెకు మిగిలిన ఒక్కగానొక్క కూతురు, అందరూ న్యాబీ అని పిలుచుకునే చిన్న అబిగయిల్‌కు రొమ్ము క్యాన్సర్ శస్త్రచికిత్స జరిగింది. బోస్టన్ నుంచి ప్రసిద్ధ వైద్యుడు జాన్ వారెన్ వచ్చి, క్విన్సీలో తల్లిదండ్రుల ఇంట్లోనే ఒక గదిలో చేశాడు. ఈథర్‌తో మత్తు ఇచ్చి కోత పెట్టడం అదే బోస్టన్‌లో లోకానికి చూపించింది 1846లో. అంటే న్యాబీ ఆ కోతనంతా స్పృహలో ఉండే భరించింది. అప్పటికి ఆమె వయసు 46. కూతురు ఇంకా కోలుకోకముందే, అక్టోబరు 16న బావగారు రిచర్డ్ క్రాంచ్ పోయాడు, మర్నాడు 17న అక్క మేరీ పోయింది. ఏ ఇంట్లో తన పిల్లలు క్షేమంగా ఉన్నారని జాన్ క్విన్సీ గుండె మీద చెయ్యి వేసుకుని ఉన్నాడో, ఆ ఇంటి యజమానీ యజమానురాలూ ఇద్దరూ ఇక లేరు. పిల్లలను న్యూ హాంప్‌షైర్‌లోని అట్కిన్సన్‌లో ఉంటున్న అబిగయిల్ చెల్లెలు ఎలిజబెత్ దగ్గరికి పంపించవలసివచ్చింది. పది రోజుల్లో జరిగిన ఇదంతా కాగితం మీద పెట్టి, కొన్ని నెలల తర్వాత ఏ రోజున, ఏ మనఃస్థితిలో కొడుకు చదువుతాడో తెలియకుండా పంపించాలి.

అటువైపు నుంచీ దుఃఖం వచ్చింది. 1811 ఆగస్టులో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో లూయిసాకు ఆడపిల్ల పుట్టింది. తల్లి పేరే పెట్టుకున్నారు. 1812 సెప్టెంబరు 15న ఆ పసిబిడ్డ కన్నుమూసింది. సరిగ్గా ముందురోజే నెపోలియన్ సేన మాస్కోలో అడుగుపెట్టింది. లోకమంతా మాస్కో గురించి మాట్లాడుకుంటుండగా ఆ తల్లిదండ్రులు పదమూడు నెలల బిడ్డను పరాయి నేలలో పూడ్చుకున్నారు. ఆ కబురు అందాక అబిగయిల్ కొడుకును ఓదార్చిన తీరు నన్ను ఎప్పుడూ కదిలిస్తుంది. ఆమె కూడా 1770లో సుసన్నా అనే కూతుర్ని సరిగ్గా అదే వయసులో పోగొట్టుకున్నది. కాలమే మాన్పుతుందని ఆమె అబద్ధం చెప్పలేదు. నలభై ఏళ్లు గడిచినా ఆ వేదన తన మనసులోంచి చెరిగిపోలేదని రాసింది. పెద్దవాడైన కొడుకుతో తల్లి తన పాత గాయాన్ని ఇంత సూటిగా పంచుకోవడం ఏ కాలంలోనైనా అరుదే.

1813లో న్యాబీకి జబ్బు తిరగబెట్టింది. ఇక బతకనని తెలిశాక ఆమె న్యూయార్క్ రాష్ట్రం లోపలి ప్రాంతం నుంచి మూడువందల మైళ్లకు పైగా బండిలో ప్రయాణం చేసి, పుట్టింట్లోనే చనిపోవాలని క్విన్సీకి వచ్చింది. గతుకుల దారి, ఒళ్లంతా నొప్పి, అయినా వచ్చింది. ఆగస్టు 15న, 48వ ఏట, తల్లిదండ్రుల కళ్లముందే పోయింది. జాన్ క్విన్సీకి రెండేళ్లు పెద్దదైన అక్క, చిన్నప్పుడు కలిసి ఆడుకున్న ఒకే ఒక్క ఆడతోబుట్టువు. ఆ కబురూ తల్లే రాసింది.

మన ఇళ్లలో ఒక అలవాటు ఉంది. “దూరాన ఉన్నాడు, చెప్పి ఏం లాభం, కంగారు పడతాడు” అనుకుని, జబ్బు సంగతీ, ఒక్కోసారి చావు సంగతీ కూడా దాస్తాం. అది ప్రేమతో చేసేదే, కాదనను. కానీ అబిగయిల్ చేసినది అంతకంటే పెద్ద ప్రేమ అని నా అభిప్రాయం. దాచినప్పుడు కొడుకు మనసు కొన్నాళ్లు నెమ్మదిగా ఉండవచ్చుగాక, ఆ కొన్నాళ్లూ అతడు ఆ ఇంటివాడు కాకుండా పోతాడు. ఆమె మంచీ చెడూ రెండూ పంపి, కుటుంబ దుఃఖంలో అతని వాటా అతనికి ఇచ్చింది. వాటితోపాటే జార్జ్, జాన్‌ల చదువు సంగతులూ, ఎదుగుదలా, ఊరి కబుర్లూ వెళ్లేవి. సముద్రానికి అవతల ఉన్న లూయిసాకు తన బిడ్డల రూపం ఆ వాక్యాల్లోనే దొరికేది.

1814లో జాన్ క్విన్సీ బ్రిటన్‌తో శాంతి చర్చల కోసం గెంట్ నగరానికి వెళ్లాడు. డిసెంబరు 24న సంధి కుదిరింది. 1815లో లండన్‌కు రాయబారిగా నియమితుడైనప్పుడు అబిగయిల్ మనవలిద్దరినీ ఓడ ఎక్కించి పంపింది. ఆ మే నెలలో తల్లిదండ్రులను కలుసుకునేటప్పటికి జార్జ్‌కు పద్నాలుగేళ్లు, జాన్‌కు పన్నెండు నిండవస్తున్నాయి. ఆరేళ్ల ఎడబాటు అది. కొడుకు క్విన్సీకి తిరిగివచ్చింది 1817లో. మరుసటి ఏడాది అక్టోబరు 28న అబిగయిల్ మరణించింది.

ఈ కుటుంబం కాగితాలు ఇప్పుడు బోస్టన్‌లోని మసాచుసెట్స్ హిస్టారికల్ సొసైటీలో భద్రంగా ఉన్నాయి. చదవాలనుకునే మిత్రులకు నాదొక సూచన. 1811 శరదృతువు నుంచి 1815 వసంతం వరకూ ఉన్నవి తీసుకుని, తల్లి రాసినవీ కొడుకు రాసినవీ పక్కపక్కన పెట్టి, ఉత్తరం రాసిన తేదీతోపాటు అది చేతికందిన తేదీని కూడా గమనిస్తూ చదవండి. ఒక వార్త తెలియక ముందు ఒకరు రాసిన మాటలు, అది జరిగిపోయాక మరొకరికి ఎలా చేరాయో అప్పుడే తెలుస్తుంది.