మధ్యలో సినిమా తెగుతుంది, లేవకండి

అందరికీ నమస్కారం. చెన్నై టీ నగర్‌లో ఆదివారం సాయంత్రం బండి పెట్టుకోవడానికి చోటు దొరకబుచ్చుకుని ఇంతమంది వచ్చారు. సంతోషం. నేను విమర్శకుణ్ణి కాను. కోడంబాక్కం వైపు ఒక సినిమా ల్యాబ్‌లో ముప్ఫై ఏళ్ళు ప్రింట్లు కడిగినవాణ్ణి. ఇప్పటికీ సినిమా చూస్తుంటే కథ కంటే ముందు ప్రింటే కనబడుతుంది. మా ఆవిడకి అదే చిరాకు.

ఈరోజు మనం చూడబోయేది ‘పర్సోనా’. ఇంగ్మార్ బెర్గ్‌మన్ 1966లో స్వీడన్‌లో తీసిన నలుపు తెలుపు సినిమా. ఎలిసబెత్ అని పేరున్న నటి ఒకావిడ ‘ఎలెక్ట్రా’ నాటకం ఆడుతూ స్టేజీ మీదే మాట ఆపేస్తుంది. తర్వాత నోరు విప్పదు. జబ్బేమీ కనబడదు. ఆల్మా అనే నర్సుని తోడిచ్చి సముద్రం ఒడ్డున ఒక ఇంటికి పంపుతారు. ఒకరు మాట్లాడరు, అందుకని రెండో ఆవిడ మాట్లాడుతూనే ఉంటుంది. అలా మాట్లాడీ మాట్లాడీ తానెవరో తనకే తెలియని స్థితికొస్తుంది.

సావిత్రి అభిమానులకి ఈపాటికే ఏదో తట్టి ఉంటుంది. 1960లో వచ్చిన ‘చివరకు మిగిలేది’. మతి చెడిన రోగిని బాగుచెయ్యడానికి నర్సు ప్రేమ నటిస్తుంది. అతను బాగుపడతాడు, ఈవిడకి మతి పోతుంది. మూలం బెంగాలీ కథ. అంతకు ముందు ఏడాదే సుచిత్రా సేన్‌తో ‘దీప్ జ్వేలే జాయ్’గా వచ్చింది. బెర్గ్‌మన్ మన సినిమా చూశాడని నేను అనడం లేదు, కంగారు పడకండి! రెండు కథలూ వేరు. కానీ రెండూ మొహాల మీద నడుస్తాయి.

నా దగ్గర ‘చివరకు మిగిలేది’ వీసీడీ ఒకటి ఉంది. ఎవరు వేశారో ఎందుకులెండి. మూలన కంపెనీ ముద్ర, సావిత్రి నుదురు సగం కోత. చివరికొచ్చేసరికి ఆవిడ మొహం సున్నం కొట్టిన గోడలా ఉంటుంది. కళ్ళున్న చోట రెండు నల్ల మచ్చలు. ఆవిడేం నటించిందో నేను కుర్రతనంలో చూసిన జ్ఞాపకంలో ఉంది గానీ ఆ డిస్కులో లేదు. వీసీడీ అంటే అడ్డంగా 352 చుక్కలు, నిలువుగా 288. బ్లూరే అయితే 1920, 1080. అంత చిన్న గళ్ళలో ఒక మనిషి మనసు ఇమడదు.

మనం వెండితెర అంటాం. తెర సంగతి అటుంచండి, నలుపు తెలుపు ఫిల్ములో బొమ్మే వెండి. వెలుతురు తగిలిన చోట వెండి రవ్వలు నల్లబడి నిలుస్తాయి, తగలనిది హైపో అనే రసాయనంలో కరిగిపోతుంది. ఆ హైపోలోంచి మళ్ళీ వెండి తీసేవాళ్ళం. రంగుల ఫిల్ములో అలా కాదు, చివరికి వెండి అంతా పోయి రంగులే మిగులుతాయి. పాత నలుపు తెలుపు ప్రింట్లు కిలోల లెక్కన వెండి కోసం అమ్ముడుపోయింది ఇందుకే. ఎన్ని సినిమాలు అలా కరిగి పట్టీలయ్యాయో!

‘పర్సోనా’లో ఆసుపత్రి సీను ఒకటి గమనించండి. ఎలిసబెత్‌గా లివ్ ఉల్‌మన్ మంచం మీద పడుకుని ఉంటుంది, రేడియోలో బాఖ్ సంగీతం. కెమెరా స్వెన్ నిక్విస్ట్. ఆ మొహం మీద నిమిషానికి పైగా షాట్ కదలదు. వెలుతురు మాత్రం మెల్లగా తగ్గుతుంది. తెలుపు బూడిదవుతుంది, బూడిద నలుపవుతుంది, చీకట్లో ఆ కళ్ళు ఇంకా ఉన్నాయని తెలుస్తూనే ఉంటుంది. ఆ సీనులో జరిగేది అంతే. నా వీసీడీ లాంటి దాంట్లో అయితే పావు నిమిషానికే తెర నల్లబడి, కరెంటు పోయిందేమో అని లేచి చూస్తాం.

ఈరోజు వేసేది 2014లో అమెరికాలో క్రైటీరియన్ అనే డిస్కుల కంపెనీ వాళ్ళు వేసిన బ్లూరే. మా అల్లుడు తెచ్చాడు. తీరా చూస్తే మన ప్లేయర్లో ఆడలేదు. బ్లూరేలకి ప్రాంతాల వారీగా తాళం ఉంటుంది, రీజియన్ అంటారు. అమెరికా డిస్కు రీజియన్ ఏ, మన దేశం రీజియన్ సీ. అన్ని రీజియన్లూ ఆడే ప్లేయర్ ఉన్న స్నేహితుణ్ణి పట్టుకోవడానికి నాలుగు నెలలు పట్టింది.

దీన్ని ఇంట్లో చూసేవాళ్ళకి ఒక మనవి. తెరకి రెండు పక్కలా నల్లటి పట్టీలు ఉంటాయి. అప్పటి ఫ్రేము దాదాపు చదరం, మన టీవీ వెడల్పు. మా బావగారు చూస్తూ చూస్తూ రిమోట్ తీసుకుని జూమ్ నొక్కేశారు. ‘ఇంత డబ్బు పోసి కొన్న టీవీ, నిండుగా రావద్దా’ అని ఆయన వాదన. నిండుగానే వచ్చింది, ఇద్దరు ఆడవాళ్ళ నుదుళ్ళూ గడ్డాలూ పోయాయి! సగం ఈవిడ మొహం, సగం ఆవిడ మొహం కలిపి ఒకటి చేసిన షాట్ ఉంది. అది కూడా నుదురు లేకుండానే చూశాం.

ఇంకోటి, బొమ్మ మీద సన్నటి ఇసకలా కదులుతూ ఉంటుంది. అది మురికి కాదు, ఇందాక చెప్పిన వెండి రవ్వలే. దాన్ని కంప్యూటర్లో మరీ నునుపు చేస్తే మొహాలు మైనం బొమ్మలవుతాయి. తుడవాల్సింది గీతలూ దుమ్మూ. సెకనుకి 24 ఫ్రేముల లెక్కన ఈ సినిమాలో సుమారు లక్షా ఇరవై వేల ఫ్రేములు. మన సాలిగ్రామంలో ప్రసాద్ ల్యాబ్ వాళ్ళు కూడా ఇలా ఫ్రేము ఫ్రేముగా పాత సినిమాలు బాగుచేస్తారు. ‘చివరకు మిగిలేది’కి మంచి నెగిటివ్ దొరికి, ఎవరైనా పూనుకుంటే, చేతులు ఈ ఊళ్ళోనే ఉన్నాయి.

‘పర్సోనా’లో మాత్రం తుడిచేవాడికి ఒక చిక్కుంది. ఆల్మా కావాలనే గాజు పెంకు నేల మీద వదిలేస్తుంది, ఎలిసబెత్ కాలికి గుచ్చుకుంటుంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటారు. అంతలో ఫిల్ము చిట్లి, కాలి, తెర తెల్లగా అయిపోతుంది. ప్రొజెక్టర్లో రీలు ఇరుక్కుంటే అచ్చం అలాగే కాలుతుంది. నేను మొదటిసారి చూసినప్పుడు అలవాటు కొద్దీ కుర్చీలోంచి సగం లేచాను. అది ప్రమాదం కాదు, బెర్గ్‌మన్ పెట్టిందే.

కాబట్టి అది వచ్చినప్పుడు ఎవరూ లైట్లు వెయ్యకండి. ప్లేయర్ దగ్గరున్న అబ్బాయికి ముందే చెప్పాను. అయినా కొత్తవాడు, కంగారుపడతాడేమో అని నేను వెళ్ళి వాడి పక్కనే కూర్చుంటున్నాను.