టూర్ అయ్యాక మిగిలే గంట

అందరికీ నమస్కారం. ఈ హాల్లో సగం మంది పదకొండో తరగతి పిల్లలు, మిగతా సగం వాళ్ళ అమ్మానాన్నలు. ఇక్కడ అమెరికాలో ఈ వయసు పిల్లలున్న ఇళ్ళన్నీ కాలేజీలు చూడ్డానికి కారెక్కే రోజులివి. ముందు మా ఇంటి సంగతి చెబుతాను.

మా అమ్మాయితో మొదటిసారి ఒక కాలేజీకి వెళ్ళాం. గంటసేపు అడ్మిషన్స్ వాళ్ళ ప్రెజెంటేషన్, ఆ తర్వాత ఇంకో గంట టూర్. గైడ్ వెనక్కి నడుస్తూ, నవ్వుతూ అన్నీ చూపించింది. ప్రశ్నలన్నీ నేనే అడిగాను. తిరిగొస్తుంటే కార్లో "ఎలా ఉందమ్మా?" అన్నాను. "బాగుంది" అంది. ఇంటికొచ్చేదాకా ఇంకో మాట లేదు. తనని చూడనివ్వకుండా, అడగనివ్వకుండా నేనే అడ్డు నిలబడ్డానని ఆ రాత్రి నాకర్థమైంది.

రెండో కాలేజీలో టూర్ అవగానే నేను బయట బెంచీ మీద కూర్చుండిపోయాను. ఒక గంట తను ఒక్కతే తిరిగొచ్చింది. ఫిజిక్స్ డిపార్ట్‌మెంట్‌లో ఒక గది తలుపుకి కాగితం అంటించి ఉందట: ఆదివారం రాత్రి ఏడు నుంచి పది దాకా ఇక్కడ లెక్కలు చెప్పబడును, ఎవరైనా రావచ్చు అని. పగలే అయినా లోపల ఇద్దరు విద్యార్థులు బోర్డు ముందు నిలబడి ఏదో తేల్చుకుంటున్నారు. మా అమ్మాయి ధైర్యం చేసి అడిగింది: "మొదటి మిడ్‌టర్మ్‌లో మార్కులు బాగా తగ్గితే ఇక్కడ ఏం చేస్తారు?" అందులో ఒకమ్మాయి చేతిలో మార్కర్ కింద పెట్టేసి, తనకి నలభై ఒకటి వచ్చిందనీ, వారం రోజులు ఎవరికీ చెప్పలేదనీ, చివరికి ప్రొఫెసర్ దగ్గరికి వెళ్తే ఆయన పేపర్ మొదటి నుంచి తనతో కూర్చుని చేయించారనీ చెప్పింది. ఆ రోజు కార్లో మా అమ్మాయి ఆపకుండా మాట్లాడింది.

అందుకే నేను పదే పదే చెప్పేది, టూర్ అయ్యాక ఒక గంట పిల్లల్ని ఒంటరిగా వదలండి. వీలైతే క్లాసులు జరిగే రోజుల్లోనే వెళ్ళండి. వేసవిలో ఖాళీ క్యాంపస్‌లో భవనాలు కనిపిస్తాయి, మనుషులు కనపడరు. మధ్యాహ్నం భోజనాల హాల్లో పది నిమిషాలు ఊరికే కూర్చున్నా, ఎవరు ఎవరితో కలిసి తింటున్నారో, ఒంటరిగా కూర్చున్నవాళ్ళని ఎవరైనా పలకరిస్తున్నారో లేదో తెలిసిపోతుంది.

వెబ్‌సైట్లో దొరికే అంకెల కోసం అక్కడిదాకా పోనక్కర్లేదు. చాలా కాలేజీలు ఏటా కామన్ డేటా సెట్ అని ఒక పత్రం పెడతాయి. క్లాసులో ఎంతమంది ఉంటారో, ప్రవేశాల్లో దేనికి ఎంత విలువ ఇస్తారో అందులో ఉంటుంది. ఇంటర్వ్యూకి ఒక గడి, విద్యార్థికి ఆ కాలేజీ మీదున్న ఆసక్తికి ఇంకో గడి. ఆసక్తిని లెక్కలోకి తీసుకునే కాలేజీకి వెళ్తే మీరొచ్చినట్టు పేరు నమోదు చేయించుకోవడం మర్చిపోవద్దు. ఖర్చు సంగతికొస్తే, 2011 నుంచి కాలేజీలు నెట్ ప్రైస్ క్యాలిక్యులేటర్‌ని, అంటే సాయం పోగా మన కుటుంబానికి ఎంత ఖర్చవుతుందో అంచనా చెప్పే ఫారంని, తమ వెబ్‌సైట్లో పెట్టాలన్న నిబంధన ఉంది. బయల్దేరకముందే అమ్మానాన్నలు కూర్చుని అది నింపండి. పిల్లవాడు మనసు పడ్డాక డబ్బు మాట ఎత్తితే ఇద్దరికీ కష్టం. ప్రయాణం భారమైతే వెళ్ళకపోయినా తప్పు లేదు. ఆన్‌లైన్ టూర్లున్నాయి, ఆదాయం తక్కువున్న కుటుంబాల పిల్లల్ని తమ ఖర్చుతో రప్పించే కాలేజీలూ ఉన్నాయి.

ఇంక ఇంటర్వ్యూ. అన్నిచోట్లా ఉండదు. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాలో డిగ్రీ ప్రవేశాలకి మామూలుగా ఇంటర్వ్యూలే లేవు. ఎంఐటీ తరఫున పూర్వ విద్యార్థులు వాలంటీర్లుగా మాట్లాడతారు. ఇలా మాట్లాడే పూర్వ విద్యార్థుల దగ్గర చాలాసార్లు మీ మార్కుల కాగితాలేవీ ఉండవు. మీరు చెప్పిందే వాళ్ళకి తెలిసేది.

ఇక్కడే మన పిల్లలు వెనకబడతారు. పెద్దవాళ్ళ ముందు మన గొప్ప మనం చెప్పుకోకూడదని నేర్పాం. మంచి అలవాటే, నేను కాదనను. కానీ "రోబోటిక్స్ టీమ్‌లో ఉన్నాను, మేం రాష్ట్ర పోటీకి వెళ్ళాం" అని ఆగిపోతే, ఎదుటి మనిషికి మీరు కనపడరు. "మోటారు పదే పదే వేడెక్కుతుంటే కారణం వెతికింది నేను, రెండు వారాలు పట్టింది, మొదట తప్పు చోట వెతికాను" అనండి. అది గొప్పలు చెప్పుకోవడం కాదు, జరిగింది చెప్పడం. ఇంట్లో అత్తయ్యకో బాబాయికో ఒక్కసారి ఇలా చెప్పి చూడండి, నోరు తిరుగుతుంది.

జవాబులు బట్టీ పట్టొద్దు. పట్టినట్టు రెండో వాక్యానికే తెలిసిపోతుంది. తట్టకపోతే "ఒక్క నిమిషం ఆలోచించి చెబుతాను" అనండి, ఎవరూ తప్పు పట్టరు. "మా కాలేజీయే ఎందుకు?" అని దాదాపు అందరూ అడుగుతారు. మా అమ్మాయిని అడిగినప్పుడు ర్యాంకు గురించి ఏం మాట్లాడలేదు, ఆ తలుపు మీది కాగితం గురించి చెప్పింది. ఇంటర్వ్యూ చేసినావిడ కూడా అదే గదిలో కూర్చుని చదువుకున్నారట. మిగతా సమయమంతా ఇద్దరూ ఆదివారం రాత్రుల గురించే మాట్లాడుకున్నారు.

చివర్లో మీకేమైనా ప్రశ్నలున్నాయా అంటారు, లేవనకండి. ఆ కాలేజీలో వాళ్ళని ఇబ్బంది పెట్టిందేమిటో అడగండి, నిజాయితీగా చెబుతారు. ఆ సాయంత్రమే నాలుగు వాక్యాల కృతజ్ఞతల మెయిల్ పంపండి. అమ్మానాన్నలకి ఒక మనవి: ఇంటర్వ్యూ కాఫీ షాపులో అయితే పక్క టేబుల్ దగ్గర కూర్చోవద్దు, కార్లోనే ఉండండి.

ఇప్పుడు మీ ప్రశ్నలు. పెద్దవాళ్ళు కాసేపు ఆగాలి, ముందు పిల్లలు అడుగుతారు. ఆ వెనక వరసలో చెయ్యి సగం ఎత్తి దించేసిన బాబూ, నువ్వే మొదలుపెట్టు.