ప్రింటరు బాగుచేసే జూనియరు

ప్రిన్సిపాల్ గారికి, అధ్యాపకులకు, ఆఖరి సంవత్సరం బీటెక్ విద్యార్థులకు నమస్కారం. నన్ను లా కోర్సుల ప్రవేశ పరీక్ష లాసెట్ గురించి మాట్లాడమన్నారు కనుక ఆ ముక్క ముందే చెప్పేస్తాను. మూడేళ్ల ఎల్‌ఎల్‌బీకి ఏ డిగ్రీ అయినా చాలు, బీటెక్ కూడా. జనరల్ అభ్యర్థికి 45 శాతం మార్కులుండాలి. 90 నిమిషాల్లో 120 ప్రశ్నలు, వాటిలో 60 న్యాయశాస్త్ర అభిరుచికి సంబంధించినవి, తప్పు జవాబుకు మార్కులు కోయరు.

ఇక నా గోడు వినండి. ఎలక్ట్రానిక్స్ చదివి నల్లకోటు వేసుకున్నందుకు "ఒక సీటు పాడుచేశావు" అన్న బంధువులను ఎప్పుడో క్షమించాను. మా సీనియరు గారి ఆఫీసులో మొదటి రెండేళ్లు నేను చేసినది ప్రింటరు బాగుచేయడం, కేసు కట్టలు స్కాన్ చేయడం. కక్షిదారులకు నన్ను "మా కంప్యూటర్ అబ్బాయి" అని పరిచయం చేసేవారు. అది మాత్రం ఇంకా గుచ్చుకుంటుంది.

ఒక దుకాణం తగాదాలో ఎదుటిపక్షం సీసీ కెమెరా దృశ్యాలను పెన్‌డ్రైవ్‌లో దాఖలు చేసింది. అందులో కనిపిస్తున్న మనిషి ఎవరన్నదాని మీదే అందరూ వాదిస్తూ ఉంటే, ఆ కాపీని ఏ యంత్రం నుంచి, ఎవరు తీశారు, ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి సాక్ష్య చట్టం 65బి సెక్షన్ అడిగే ధ్రువపత్రం ఏదీ అని సీనియరు గారి చెవిలో అడిగాను. "నువ్వే లేచి చెప్పు" అన్నారు. అసలు యంత్రాన్ని కోర్టు ముందు పెట్టనప్పుడు ఆ పత్రం తప్పనిసరి అని 2020లో అర్జున్ పండిత్‌రావ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. 2024 జులై 1 నుంచి అమలైన భారతీయ సాక్ష్య అధినియమంలో 63వ సెక్షన్ మరో అడుగు వేసి, ఆ పత్రంలో ఫైలు హాష్ విలువ కూడా రాయమంటోంది.

హాష్ అంటే ఏమిటో తెలిసినవారు చేతులెత్తండి. చూశారా, సగం గది లేచింది! అది ఫైలుకు వేలిముద్ర లాంటిదని, ఫైలులో ఒక్క బిట్టు మారినా ఆ విలువ మారిపోతుందని మీకు నేను చెప్పనక్కరలేదు. పాతికేళ్ల అనుభవమున్న న్యాయవాదులకే నేను కాగితం మీద గీసి చూపించవలసి వస్తోంది.

పేటెంట్ల సంగతి సరేసరి. 1970 నాటి చట్టం 126వ సెక్షన్ ప్రకారం పేటెంట్ ఏజెంటు, అంటే ఇతరుల తరఫున పేటెంట్ దరఖాస్తులు నడిపేవారు, కావాలంటే సైన్సు, ఇంజనీరింగ్ లేదా టెక్నాలజీ డిగ్రీ ఉండి తీరాలి. ఒట్టి ఎల్‌ఎల్‌బీ అక్కడ చెల్లదు. ఐఐటీ ఖరగ్‌పూర్ 2006లో మేధాసంపత్తి న్యాయ కళాశాల తెరిచింది ఇంజనీర్ల వంటివారి కోసమే.

బ్యాక్‌లాగులున్నవారు మాత్రం ముందు వాటి సంగతి చూసుకోండి. ఎంత మంచి ర్యాంకు వచ్చినా, డిగ్రీ చేతికి రాకపోతే కౌన్సెలింగులో సీటు దక్కదు.