అమెరికా వెళ్ళే పిల్లలకి ఈ చిన్న కుక్కర్ పనికొస్తుందా? మూడు వారాలు వండించాక నా మాట

నమస్తే అండీ, అందరూ బాగున్నారా? ఆగస్టు దగ్గరికొచ్చేసింది. అమెరికాలో ఆగస్టులో మొదలయ్యే ఫాల్ సెమిస్టర్‌కి వెళ్ళే పిల్లలున్న ఇళ్ళల్లో ఇప్పుడు హాలు నిండా సూట్‌కేసులే. మా చెల్లెలింట్లోనూ అంతే. వాళ్ళబ్బాయి ఎంఎస్‌కి వెళ్తున్నాడు. బీటెక్ కూడా ఇంటి నుంచే చదివాడు కాబట్టి ఒక్కడే ఉండటం వాడికి ఇదే మొదటిసారి. సరిగ్గా ఆ టైములోనే నాకు ఈ చిన్న కరెంటు కుక్కర్ వచ్చింది.

ముందే చెప్పేస్తున్నాను, కంపెనీవాళ్ళు దీన్ని ఉచితంగా పంపారు. డబ్బులివ్వలేదు, ఏం చెప్పాలో కూడా చెప్పలేదు. కెపాసిటీ, బటన్లు, రంగులు అన్నీ అన్‌బాక్సింగ్ వీడియోల్లో చూసేసి ఉంటారు, వాటి జోలికి వెళ్ళను. ఇవాళ నేను ఎక్కువ మాట్లాడేది దీని అడుగునున్న స్విచ్ గురించి.

ఇదిగో, తిరగేస్తున్నాను. కనిపిస్తోందా? ఎర్రది. ఒక పక్క 120, ఇంకో పక్క 230. వేలితో జరుపుదామంటే కదలదు, లోపలికి దిగి ఉంది. మధ్యలో గాడి ఉంది చూడండి, రూపాయి బిళ్ళ అంచు అందులో పెట్టి తిప్పాలి. టక్... విన్నారా? అది పడితేనే మారినట్టు.

ఇంత చిన్నదాని గురించి ఇంత ఎందుకంటే, 2015 జనవరిలో నేను అమెరికాలో, ఓహాయో రాష్ట్రంలోని డేటన్‌లో దిగినప్పుడు నా పెట్టెలో మన ఊళ్ళో కొన్న మామూలు కరెంటు కుక్కరూ, వెయ్యి వాట్ల కెటిలూ ఉన్నాయి. పిన్ను పట్టడానికి అడాప్టర్ కొనుక్కున్నాను, ఇక అంతా సరిపోయిందనుకున్నాను. మన దగ్గర వచ్చేది 230 వోల్టులు. అక్కడ 120. వోల్టేజ్ సగమైతే వేడీ సగమవుతుందనుకుంటాం, కానీ కాయిల్ వేడి నాలుగో వంతుకి పడిపోతుంది. వెయ్యి వాట్ల కెటిల్ అక్కడ 270 వాట్ల కెటిల్ అయిపోయింది. ఇక్కడ ఆరేడు నిమిషాల్లో తెర్లే లీటరు నీళ్ళకి అక్కడ అరగంట పట్టింది. ఇక అన్నం సంగతి, పైన ముద్ద, లోపల పలుకు. బయట మంచు, జెట్‌లాగ్, ఇంట్లోవాళ్ళు పడుకునే టైము. ఆ ముద్దలో ఆవకాయ కలుపుకుని తింటూ నేను ఏడ్చాను. అమ్మ గుర్తొచ్చిందనే కాదు, నా అన్నం నేను వండుకోలేకపోతున్నానని.

అందుకే ఈ స్విచ్ చూడగానే ప్రాణం లేచొచ్చింది. ఇది 230 మీదా 600 వాట్లే, 120 మీదా 600 వాట్లే. అంటే ఇక్కడ నేర్చుకున్న వంట అక్కడ మారదు. నా దృష్టిలో దీని అసలు విలువ అదే. కంపెనీవాళ్ళు పెట్టె మీద ప్రయాణాల్లో సౌకర్యం అని రాశారు. నేనైతే వెళ్ళే ముందు ఇంట్లో సాధన చేసుకోవడానికి అని రాసేదాన్ని.

మూడు వారాల క్రితం దీన్ని మా వాడికిచ్చాను. మీ అమ్మ వంటగది ముట్టుకోకు, రాత్రి భోజనం దీంట్లోనే, నువ్వే వండుకోవాలి అని చెప్పాను. మొదటి మూడు రోజులు ఫోనే ఫోను. "పెద్దమ్మా, ఎసరు ఎంత?" "పెద్దమ్మా, పొంగిపోతోంది, మూత తియ్యనా?" నాలుగో రోజు మాడింది. వారం తిరిగేసరికి ఫోన్లు తగ్గాయి. పదో రోజు వెళ్ళి చూస్తే, ఒక స్టీలు గ్లాసు పక్కన పెట్టుకున్నాడు, దాని మీద మార్కర్‌తో గీత. పాత సోనా మసూరి ఆ గీత దాకా, నీళ్ళు దానికి రెండింతలు, ఇరవై నిమిషాలు నానాలి. ఎవరూ చెప్పింది కాదు, ఈ గిన్నెకీ ఈ వేడికీ వాడే పట్టుకున్న లెక్క. ఆ గ్లాసు ఇప్పుడు సూట్‌కేసులో ఉంది.

దీంట్లో బాగా వచ్చేది పులగం. బియ్యం, పెసరపప్పు, మిరియాలు, ఉప్పు, ఒక్క గిన్నెలో అయిపోతుంది. క్లాసు నుంచి రాత్రి తొమ్మిదింటికి వచ్చిన మనిషికి అంతకంటే ఏం కావాలి. ఉప్మా పరవాలేదు. కందిపప్పు మాత్రం దీనికి చాతకాదు. గంట నానబెట్టినా యాభై నిమిషాలు పట్టింది, అయినా మెదగలేదు. ప్రెషర్ లేదు కదా. పప్పు లేనిదే ముద్ద దిగని పిల్లలైతే మూడు లీటర్ల మామూలు ప్రెషర్ కుక్కర్ కూడా పెట్టెలో పెట్టండి.

తాలింపు కూడా దీంట్లో పడదు. తడి ఆరి అడుగు వంద డిగ్రీలు దాటగానే కుక్ నుంచి వార్మ్‌కి పడిపోతుంది. అన్నం మాడకుండా కాపాడేది అదే కాబట్టి తప్పు పట్టను. స్టవ్ మీద చిన్న మూకుట్లో వేసుకోవాలి. అక్కడ ఇంకో సంగతి, స్మోక్ అలారం. ఎండుమిరపకాయ ఘాటుకి మా అపార్ట్‌మెంట్లో రాత్రి పదింటికి మోగితే, కుర్చీ ఎక్కి దాని కింద తువ్వాలు విసురుతూ నిలబడ్డాను. ముందు ఎగ్జాస్ట్ ఫ్యాన్ వెయ్యాలి, మిరపకాయ అన్నిటికంటే చివర వెయ్యాలి. ఇదీ ఇక్కడే అలవాటు చేయించండి.

ఇప్పుడు నాకు బాగా కోపం తెప్పించిన విషయం. పెట్టెలో ఒక అడాప్టర్ ఇచ్చారు, పైన ప్రపంచంలో ఎక్కడైనా వాడండి అని. అడాప్టర్ పిన్ను ఆకారం మారుస్తుందంతే, వోల్టేజ్ మార్చదు. ఆ ఒక్క ముక్క పెట్టె మీద ఎక్కడా లేదు. పిల్లాడు ఆ రాత నమ్మి హెయిర్ డ్రయ్యరో, ఇస్త్రీ పెట్టో దానికి పెడితే? పైగా 600 వాట్లు ఇక్కడ 2.6 ఆంపియర్లు లాగితే, అక్కడ 5 లాగుతుంది. ఈ అడాప్టర్ ఇక్కడే వదులుగా ఉంది, పావుగంటకే చేతికి వెచ్చగా తగిలింది. నేను దాన్ని పెట్టెలోంచి తీసేశాను. అదృష్టం ఏంటంటే కుక్కర్ కేబుల్ ఊడొస్తుంది, డెస్క్‌టాప్ కంప్యూటర్‌కి పెట్టే రకమే. అక్కడికెళ్ళాక అమెరికా పిన్నున్న కేబుల్ కొనుక్కుంటే అడాప్టర్ అవసరమే రాదు.

ఫోన్, ల్యాప్‌టాప్ ఛార్జర్ల గురించి బెంగపడకండి. వాటి మీద ఇన్‌పుట్ 100-240 అని సన్నటి అక్షరాల్లో ఉంటుంది, అది ఉంటే చాలు. మిక్సీ కావాలంటే అమెరికాకి పనికొచ్చే 110 వోల్టులది మన దగ్గరే అడిగి తీసుకోండి. కెనడాలోనూ 120 వోల్టులే. బ్రిటన్, జర్మనీ, ఆస్ట్రేలియా వెళ్ళేవాళ్ళకి వోల్టేజ్ మనలాంటిదే, పిన్ను మారుతుందంతే. వాళ్ళు ఈ స్విచ్ కోసం డబ్బు పెట్టక్కర్లేదు. హాస్టల్ గదుల్లో ఉండబోయేవాళ్ళు మాత్రం గదిలో కుక్కర్ పెట్టుకోనిస్తారో లేదో ముందే రూల్స్ చదవండి, చాలాచోట్ల ఒప్పుకోరు.

బరువు కిలోన్నర లోపే. 23 కిలోల పెట్టెలో అది తక్కువేం కాదు గానీ, గిన్నె ఖాళీగా పంపకండి. పసుపు, కారం, తాలింపు గింజలు, రెండు రకాల పొడులు అందులోనే పట్టాయి. బియ్యం, పప్పులు మోయకండి. పటేల్ బ్రదర్స్ అనే మన సరుకుల షాపు 1974 నుంచి ఉంది అమెరికాలో, సోనా మసూరి బస్తాలే దొరుకుతాయి. చికెన్, మటన్ పచ్చళ్ళు పెట్టకండి, మాంసం రానివ్వరు. మిగతా తిండి వస్తువులు ఉన్నాయని కస్టమ్స్ దగ్గర చెప్పెయ్యమనండి.

కొనాలా అంటే, ప్రయాణానికి ఇంకా మూడు వారాలైనా ఉండి, పిల్లలు దీంట్లో రోజూ వండుతారంటే వెంటనే కొనండి. నాకు ఇది చాలా నచ్చింది. వచ్చే వారమే ఫ్లైటు, వండే టైము లేదంటే వద్దు. 120 వోల్టుల చిన్న రైస్ కుక్కర్ వాల్‌మార్ట్‌లో 20 డాలర్ల దరిదాపుల్లో వస్తుంది.

ఒక్క జాగ్రత్త. 120కి తిప్పి ఉన్నదాన్ని పొరపాటున మన ఇంటి ప్లగ్గులో పెడితే వేడి మూడున్నర రెట్లు దాటుతుంది, కాయిల్ కాలిపోతుంది. మా వాడిది గురువారం ఫ్లైట్. బుధవారం రాత్రి ఆఖరి పులగం అయ్యి, గిన్నె కడిగి ఆరబెట్టాక, రూపాయి బిళ్ళ వాడి చేతికే ఇస్తాను. తిప్పాక ప్లగ్గు మీద తెల్ల టేపు చుట్టి, ఇక్కడ పెట్టొద్దు అని వాడి చేత్తోనే రాయిస్తాను.