డబ్బా కింద టపాకాయ

శ్రోతలందరికీ నమస్కారం. కాగితం మీదనే మిగిలిపోయిన ఒక వ్యోమనౌక గురించి ఈ పూట చెబుతాను.

సంక్రాంతి ముందు రోజున విజయవాడ పండిట్ నెహ్రూ బస్ స్టేషన్‌లో గుంటూరు బస్సు ఎక్కబోయినవారెవరైనా కండక్టరు నోట ఒక మాట వినే ఉంటారు. మెట్ల మీద వేలాడుతున్నవారిని చూసి, "ఇదేమన్నా పుష్పక విమానమనుకున్నారా, ఎంతమంది ఎక్కినా చోటుండటానికి?" అంటాడాయన. కుబేరుడి నుంచి రావణుడు లాక్కున్నదీ, లంక నుంచి రాముణ్ణి అయోధ్యకు చేర్చినదీ అయిన ఆ విమానంలో ఎందరు కూర్చున్నా ఇంకొకరికి చోటు మిగులుతుందని మన పెద్దలు చెప్పుకున్నారు. మనిషి ఊహించిన ఆకాశనౌకలు ఎన్నో ఉన్నా, లెక్కల మాస్టారుగా ముప్పై ఏళ్లు సుద్దముక్క పట్టిన నాకు ఈ ఒక్క గుణం మీదనే మోజు. ఎందుకంటే అసలు రాకెట్టుకు లేనిది సరిగ్గా ఈ గుణమే. ఇంకొకరికి చోటు, అదే లేనిది.

ఎందుకు లేదో 1903లో లెక్క కట్టి ప్రచురించినవాడు కూడా లెక్కల మాస్టారే. రష్యాలో కలూగా అనే ఊళ్లో బడిపంతులుగా పనిచేసిన సియోల్కోవ్‌స్కీ, చిన్నతనంలో జ్వరం వచ్చి వినికిడి దాదాపు పోగొట్టుకున్న మనిషి. ఆయన సూత్రాన్ని రేడియోలో చదివితే మీరు స్టేషను మార్చేస్తారు కనుక, గుంటూరు మిర్చి యార్డు నుంచి చెప్పుకుందాం. యార్డులో టిక్కీలు, అంటే మిరపకాయల బస్తాలు, ఎక్కించుకున్న లారీ ఒకటి కలకత్తా బయలుదేరిందనుకోండి. దారిలో ఒక్క డీజిలు బంకు కూడా లేదనుకోండి. అప్పుడు దారి ఖర్చుకు కావలసిన డీజిలంతా లారీలోనే పీపాల్లో మోసుకుపోవాలి. ఆ పీపాల బరువు లాగడానికి మరికొంత డీజిలు కావాలి, ఆ మరికొంతను లాగడానికి ఇంకొంత కావాలి. అలా పెంచుకుంటూ పోతే, చివరికి లారీ నిండా డీజిలే ఉండి, మిరపకాయలకు డ్రైవరు పక్కన ఒక్క టిక్కీ చోటు మాత్రమే మిగులుతుంది. రాకెట్టు సంగతి అదే. చంద్రయాన్-3ని 2023 జూలై 14న శ్రీహరికోట నుంచి మోసుకుపోయిన ఎల్వీఎం3 నేల మీద నిలబడినప్పుడు 640 టన్నులు తూగుతుంది. భూమికి దగ్గరి కక్ష్యకు అది చేర్చగలిగిన సరుకు 8 టన్నులు.

కనుక ఎవరైనా కొత్త వ్యోమనౌకను ఊహించి కాగితం మీద గీసినప్పుడు నేను బొమ్మ చూడను, ఈ లెక్క చూస్తాను. 1865లో జూల్ వెర్న్ తన నవలలో ముగ్గురు మనుషులను 900 అడుగుల ఫిరంగిలో పెట్టి చంద్రుడి వైపు పేల్చాడు. ఇంధనాన్ని నేల మీదే వదిలేశాడు కనుక మోత బాధ తప్పింది, తెలివైన ఊహే. అయితే ఆ కొద్ది దూరంలోనే సెకనుకు 11 కిలోమీటర్ల వేగం అందుకోవాలంటే లోపలివారి బరువు ఇరవై వేల రెట్లకు పైగా పెరుగుతుంది. అరవై కిలోల మనిషి ఆ క్షణంలో 1,200 టన్నులు తూగి గుండు అడుగున పూతలా మిగిలిపోతాడు. తప్పయినా సరే, వెర్న్ అంకెలు ఇచ్చాడు, అంకెలు ఇచ్చాడు కనుకనే మనం తప్పు పట్టగలుగుతున్నాం. మన దగ్గర వైమానిక శాస్త్రం పేరుతో, ప్రాచీన కాలం నాటిదని ప్రచారంలో ఉన్న గ్రంథం విషయంలో కూడా ఇదే పద్ధతి పనికివచ్చింది. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన ఐదుగురు 1974లో అందులోని కొలతలనూ బొమ్మలనూ ఓపికగా పరీక్షించి, ఆ విమానాలు ఎగరజాలవనీ, ఆ రచన కూడా ఇరవయ్యో శతాబ్దపు తొలినాళ్లకు చెందినదేననీ తేల్చారు. పుష్పకానికి ఈ పరీక్ష అక్కరలేదని నా అభిప్రాయం. అది ఎన్నడూ తనను తాను యంత్రమని చెప్పుకోలేదు.

ఇక నేను చెప్పాలని వచ్చిన ఓడ దగ్గరికి వస్తాను. దానికి ముందు ఒక దీపావళి సంగతి చెప్పక తప్పదు.

నాకు అప్పుడు ఎనిమిదేళ్లు. గుంటూరు బ్రాడీపేటలో మేమున్న సందులో అందరూ తారాజువ్వలు వేస్తుంటే, మా అన్నయ్య ఖాళీ పాలపొడి డబ్బా ఒకటి తెచ్చి, టపాకాయ వత్తి అంటించి, దాని మీద డబ్బాను బోర్లించాడు. తారాజువ్వ తన మందును తానే మోసుకుంటూ సుయ్యిమని పోతుంది. డబ్బా అలా పోలేదు. ఢామ్మని ఒక్క దెబ్బ, అంతే, మేడ పిట్టగోడ దాటి లేచి, పక్కింటివారి పెంకుల మీద పడింది. మర్నాడు నాన్నగారు రెండు పెంకులు కొని ఇచ్చి వచ్చారు. నాకు మాత్రం డబ్బా మీదనే ధ్యాస. తీసి చూస్తే, చదునుగా ఉండవలసిన అడుగు రేకు పూరీలా పైకి ఉబ్బి ఉంది, అంచు కుట్టు ఒకచోట విచ్చుకుంది. ఇంకొక టపాకాయ పెడితే ఎగిరేది కాదు, చిరిగిపోయేది.

ఈ డబ్బానే నాలుగు వేల టన్నుల ఓడగా చేసి, టపాకాయ స్థానంలో అణుబాంబు పెడితే ఏమవుతుందని కొందరు భౌతికశాస్త్రవేత్తలు ఏడేళ్లపాటు, నవ్వకుండా, లెక్కలు వేశారు. ఆ పథకం పేరు ఒరాయన్. మూల ఊహ స్టానిస్లా ఉలమ్ అనే గణిత శాస్త్రజ్ఞుడిది. 1955లో ఆయన కార్నీలియస్ ఎవరెట్‌తో కలిసి లాస్ అలమోస్ అనే అమెరికా అణుప్రయోగశాలలో దాని మీద రహస్య నివేదిక రాశాడు. 1958లో కాలిఫోర్నియాలోని జనరల్ అటామిక్ సంస్థలో టెడ్ టేలర్ దాన్ని చేపట్టాడు. చిన్న బాంబులు రూపొందించడంలో ఆయన అందె వేసిన చేయి. ప్రిన్స్‌టన్‌లో హాయిగా కూర్చుని సిద్ధాంతాలు రాసుకుంటున్న ఫ్రీమన్ డైసన్, ముప్పై నాలుగేళ్ల వయసులో, ఒక ఏడాది సెలవు పెట్టి వచ్చి ఆయనతో చేరాడు. చంద్రుడి దాకా కాదు, 1970 నాటికి శని గ్రహం దాకా పోవాలన్నది వారి నినాదం. యంత్రాన్ని పంపి ఊరుకోవడం కాదు, తామే ఎక్కి వెళ్లాలన్నది వారి కోరిక.

ఓడ నిర్మాణం వినండి. అన్నిటికన్నా అడుగున 40 మీటర్ల వ్యాసమున్న గుండ్రని ఉక్కు పలక, అంటే మన ప్రకాశం బ్యారేజీ గేట్లు మూడింటిని పక్కపక్కన నిలబెడితే వచ్చే వెడల్పు. పలక మీద ఒక మేడంత ఎత్తున షాక్ అబ్సార్బర్లు, వాటి మీద మనుషులు, సామాను, బాంబుల గిడ్డంగి. మొత్తం ఎత్తు 60 మీటర్లు. విజయవాడ గాంధీ కొండ మీది స్తూపాన్ని ఒకదాని మీద ఒకటిగా నాలుగు నిలబెట్టారనుకోండి, దాదాపు అంత. పలక నడుమ ఉన్న రంధ్రం గుండా సుమారు సెకనుకొకటి చొప్పున చిన్న అణుబాంబు కిందికి జారి, పలకకు దూరంగా పేలుతుంది. పేలుడు వేడికి ఆవిరైన పదార్థం పలకను తాకుతుంది, పలక తన్నుకొస్తుంది, షాక్ అబ్సార్బర్లు ఆ తన్నును మెత్తబరచి పైవారికి అందిస్తాయి. మళ్లీ బాంబు, మళ్లీ తన్ను. కక్ష్య చేరేసరికి 800 బాంబులు. అన్ని బాంబులను తడబడకుండా ఒక్కొక్కటిగా జారవిడవడం ఎలాగని ఆలోచించి, వారు కోకా-కోలా సీసాలను ఒక్కొక్కటిగా బయటకు తోసే అమ్మకపు యంత్రాల పనితీరును పరిశీలించారట. ఈ ముక్క చదివినప్పుడల్లా నాకు నవ్వు ఆగదు.

మరి మా పాలపొడి డబ్బా అడుగులా ఆ పలక ఉబ్బిపోదా? అక్కడే ఉంది ఈ కథలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం. పసిఫిక్ దీవుల్లో జరిగిన అణుపరీక్షల్లో, గ్రాఫైట్ పూసిన ఉక్కు గోళాలను పేలుడుకు అతి సమీపంలో వేలాడదీసి, తరువాత వెతికి చూస్తే, అవి కరిగిపోలేదు. పైపై పొర మాత్రమే పోయింది. వేడి భయంకరమైనదే అయినా, అది తాకి ఉండే సమయం సెకనులో వెయ్యో వంతుకన్నా తక్కువ. మన అమ్మలు నిప్పుకణికను వేళ్లతో చటుక్కున తీసి కుంపట్లో వేసేవారు కదా, అలాంటిదే. ఆ కాసింత నష్టం కూడా లేకుండా, ప్రతి పేలుడుకు ముందు పలక మీద నూనె చిమ్మితే ఉక్కుకు బదులు నూనె పొరే ఆవిరైపోతుందని కూడా వారు కనుగొన్నారు. 1959 నవంబరు 14న, శాన్ డియాగో దగ్గర పాయింట్ లోమా అనే చోట, ఒక మీటరు వెడల్పున్న నమూనాను మామూలు పేలుడు మందుతో ఎగరేశారు. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు. ఆరు పేలుళ్లు. నమూనా యాభై మీటర్లకు పైగా లేచి, పారాచూట్‌తో చెక్కుచెదరకుండా దిగింది. బ్రాడీపేటలో మా అన్నయ్య మొదటి పేలుడు దగ్గరే ఆగిపోయాడు.

ఇప్పుడు పుష్పకం దగ్గరికి తిరిగి వద్దాం. ఒరాయన్ లెక్కల్లో ఒక వింత ఉంది. 880 టన్నుల చిన్న ఓడ కక్ష్యకు మోయగలిగేది 300 టన్నులు, అంటే మూడో వంతు. నాలుగు వేల టన్నుల ఓడ 1,600 టన్నులు మోస్తుంది. పదివేల టన్నుల ఓడ 6,100 టన్నులు, సగానికి మించి. అణుబాంబును ఒక స్థాయికన్నా చిన్నగా చేయాలంటే లోపలి విలువైన పదార్థమంతా వృథా అవుతుంది. ఓడ పెద్దదైన కొద్దీ ఆ వృథా తగ్గుతుంది. బల్లల మీద ఆ ఓడ అలా పెరిగి పెరిగి, చివరికి ఒక ఊరంత ఓడ వరకూ లెక్కలు వెళ్లాయి. ఎంత పెద్దదైతే ఇంకొకరికి అంత చోటు. నాకు తెలిసి లెక్కకు నిలిచిన పుష్పకం ఇదొక్కటే.

దాన్ని ఆపిన లెక్క కూడా డైసనే వేశాడు. నేల మీద నుంచి ఒక్కసారి ఎగిరితే, గాలిలో కలిసే అణుధూళి వల్ల ప్రపంచంలో ఎక్కడో, ఎవరో తెలియని పదిమంది దాకా క్యాన్సరుతో చనిపోవచ్చని ఆయన అంచనా. ఆ సంఖ్యను తగ్గించడానికి బాంబులను మార్చాడు, మళ్లీ లెక్క కట్టాడు, సున్నా మాత్రం రాలేదు. 1963 ఆగస్టు 5న అమెరికా, సోవియట్ యూనియన్, బ్రిటన్ మాస్కోలో సంతకాలు చేసిన ఒప్పందం గాలిలో, అంతరిక్షంలో, నీటిలో అణుపేలుళ్లను నిషేధించింది. ఆ ఒప్పందాన్ని ఆమోదించమని అమెరికా సెనేట్ ముందుకు వెళ్లి చెప్పినవారిలో డైసన్ ఉన్నాడు. తాను ఎక్కాలనుకున్న ఓడకు తానే అడ్డు నిలిచాడు. 1965లో పథకం ముగిసింది. ఏ యంత్రాన్ని కట్టగలిగారన్న దానికన్నా, ఈ ఒక్క సాక్ష్యం వల్లనే ఆయన మీద నాకు గౌరవం ఎక్కువ.

ఒరాయన్ తరువాత వచ్చిన కాగితపు ఓడల్లో ఒక్కదాని పేరు చెప్పి వదిలేస్తాను. 1973 నుంచి 1978 వరకు బ్రిటిష్ ఇంటర్‌ప్లానెటరీ సొసైటీ సభ్యులు, ఉద్యోగాలు చేసుకుంటూనే, ఖాళీ వేళల్లో డెడలస్ అనే ఓడను రూపొందించారు. మనుషులు లేని ఓడ, 54,000 టన్నులది. అందులో 50,000 టన్నులు ఇంధనమే, మోసుకుపోయే సరుకు 450 టన్నులు. ఆరు కాంతి సంవత్సరాల దూరాన ఉన్న బర్నార్డ్ నక్షత్రాన్ని యాభై ఏళ్లలో చేరుతుంది, చేరి ఆగదు. ఆగడానికి ఇంధనం మిగలదు. సెకనుకు దాదాపు 36,000 కిలోమీటర్ల వేగంతో దాన్ని దాటిపోతూ ఫొటోలు తీసి పంపుతుంది.

ఈ అంకెలన్నీ చెవిన పడి జారిపోతాయి కనుక, పిల్లలున్న ఇళ్లవారికి ఒక చిన్న పని చెబుతాను. బడిలో వాడే గ్రాఫు కాగితం ఒకటి తీసుకోండి. అందులో అతి చిన్న గడి ఒక టన్ను అనుకోండి; అలాంటివి వంద కలిస్తే ఒక పెద్ద గడి. ఎల్వీఎం3 కోసం ఆరు పెద్ద గళ్లూ, మరో నలభై చిన్న గళ్లూ గీత గీసి, వాటిలో ఎనిమిది చిన్న గళ్లకు మాత్రం రంగు వేయించండి. పెన్సిలు మొన బాగా చెక్కాలి, లేకపోతే రంగు పక్క గళ్లలోకి పోతుంది. దాని పక్కనే ఒరాయన్‌కు నలభై పెద్ద గళ్లు గీసి, పదహారు పెద్ద గళ్లు నింపించండి. డెడలస్‌కు 540 పెద్ద గళ్లు కావాలి, రంగు వేయవలసినవి మాత్రం నాలుగున్నర. మామూలు గ్రాఫు కాగితం ఒక్కటి దానికి చాలదు. అన్నం మెతుకులతో రెండో కాగితం అంటించుకోవాలి.

సెలవు.